ఆరు మోకాళ్ళు

మహాకావ్యానికి కావలసిన సరుకంతా నా దగ్గర ఉంది. గుర్రం ఉంది, కొండ ఉంది, పెళ్ళి ఊరేగింపు ఉంది. విషప్రయోగం ఉంది. నేలకొరగడం ఉంది. చివరికి పాడె కూడా ఉంది. పన్నెండు ఆశ్వాసాలు ఎక్కడా తడుముకోకుండా నడిపించవచ్చు. చదివేవారు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చోవలసిందిగా మనవి.

కూర్చున్నారు కాబట్టి నిజం చెబుతాను. ఆ గుర్రం గాడిదకంటే నాలుగు వేళ్ళు ఎత్తు. ఆ కొండ మార్కాపురం పలకల గనుల దగ్గరి ఒక గట్టు. దాన్ని కొండ అంటే అవతల ఉన్న నల్లమల నవ్వుతుంది. పెళ్ళి నాది. విషం శనగగింజంత. కథానాయకుడికి మోకాళ్ళ నొప్పులు, గుర్రానికీ మోకాళ్ళ నొప్పులే. ముసలి గుర్రానికి కీళ్ళు పట్టేస్తే, చేతిలో కాసు లేనివాడు ఏం చేశాడన్నదే ఇందులోని సంగతి. లేవదలచినవారు ఇప్పుడే లేవవచ్చు.

ఆ కథానాయకుడు పోయి నెల కాలేదు. గుడిసె గట్టు మీద, గనులను ఆనుకుని ఉండేది. కాటికి తీసుకుపోవాలంటే గట్టు దిగాలి. నేనూ పాడె పట్టాను, వెనక కుడివైపు. ముందు పట్టిన ఇద్దరూ గట్టు అంచుకు రాగానే తిన్నగా దిగే దారి వదిలేసి ఎడమకు తిరిగారు. ఇరవై అడుగులు పోయి కుడికి. మళ్ళీ ఇరవై అడుగులు పోయి ఎడమకు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒకప్పుడు ఆయన తన గుర్రాన్ని ఎట్లా దింపేవాడో ఆయనా అట్లాగే దిగాడు, అవే మలుపుల వెంబడి, మలుపు మలుపుకూ ఒక్క క్షణం ఆగి. నా వీపు జలదరించింది.

తర్వాత ఆలోచిస్తే అందులో జలదరించడానికి ఏమీ లేదు. తిన్నని దారి నిటారుగా ఉంటుంది, కాళ్ళ కింద పలకరాయి పొట్టు జారుతుంది. వంకర దారి గుర్రం తొక్కీ తొక్కీ నున్నబడింది. బరువు మోసేవాడు ఎవడైనా అక్కడే దిగుతాడు.

అయినా జలదరించింది.

పేరు రాయను. రాసినా ఊళ్ళో సగంమందికి తెలియదు. గుర్రం మామ అంటేనే తెలుస్తుంది. నాకూ మామే. చుట్టరికం ఏమీ లేదు. మా దగ్గర వరస కలపకుండా ఒకడు మరొకణ్ణి చుట్టకు నిప్పు కూడా అడగడు. మామా అల్లుళ్ళ వరస కాబట్టి ఎగతాళికి ఇద్దరికీ లైసెన్సు ఉండేది.

గనుల్లో తీసిన పలకరాయిని గట్టు దిగువన ఉన్న షెడ్లకు చేర్చడం ఆయన పని. గుర్రానికి చెరో పక్క ఒక గోతాం. షెడ్లో ఆ రాయిని పలచగా చీల్చి, కోసి, చెక్క చట్రాలు బిగించి రైలెక్కిస్తే, మద్రాసు రాజధానిలో పిల్లలందరూ వాటి మీద అక్షరాలు దిద్దుకుని ఏడ్చేవారు. ఆ షెడ్లో నాది మీటే ఉద్యోగం. ఒక్కొక్క పలకనూ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాలి. ఖంగుమంటే మంచిది. బొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు, పక్కన పడేయాలి. పగులు కంటికి కనపడదు, చెవికి దొరుకుతుంది. రోజంతా ఇదే పని చేసేవాడు లోకంలో దేన్నీ ఊరికే నమ్మడు. ఎవరైనా గంభీరంగా మాట్లాడటం మొదలుపెడితే నా గోరు దానంతటదే లేస్తుంది.

గట్టు మీంచి గుర్రం దిగుతున్న చప్పుడు షెడ్లోకి వినిపించేది. టక్, టక్, టక్, సర్ర్. మూడు కాళ్ళు నేలను కొట్టేవి, ముందరి ఎడమ కాలు ఈడ్చేది. పొద్దున తొలిసారి దిగేటప్పుడు ఈడ్పు పొడుగ్గా ఉండేది, రెండోసారికి కొంచెం తగ్గేది. మబ్బు పట్టిన రోజున మరీ ఎక్కువ. వాన వస్తుందని మా షెడ్డుకు ముందుగా చెప్పింది ఎప్పుడూ ఆ కాలే. పంచాంగం చెప్పే అయ్యవారి కంటే దాని మాట నమ్మకంగా ఉండేది, దక్షిణ కూడా అడిగేది కాదు.

అది ఆడగుర్రం. దానికి ఆయన పేరు పెట్టలేదు. అమ్మీ అని పిలిచేవాడు, ఇంట్లో ఆడపిల్లను పిలిచినట్టు. ఇంట్లో వేరే ఆడపిల్ల గానీ, ఆమెను కన్న ఇల్లాలు గానీ లేరు. ఎందుకు లేరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మార్కాపురం పశువుల ఆసుపత్రిలో చూపించమని ఎగదోసింది నేనే. డాక్టరు అప్పుడే చదువు ముగించి మద్రాసు నుంచి వచ్చిన కుర్రవాడు. మోకాళ్ళు వంచి చూసి, పట్టి చూసి, నాలుగు సలహాలు ఇచ్చాడట. పని మాన్పించు, సీసా మందు తెప్పించి రుద్దు, మెత్తటి చోట కట్టెయ్యి, ఇవేవీ కుదరకపోతే తుపాకితో కాల్చెయ్యి. మామ ఆసుపత్రి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చి ఆ నాలుగింటినీ నా ముందు పరిచాడు.

"పని మానిపిస్తే నేనూ అదీ కలిసి మన్ను తినాల. సీసా మందు మద్రాసు నుంచి రావాల. తుపాకి కలెక్టరు దగ్గర ఉండాది. ఇంక మెత్తటి చోటు ఒకటే మిగిలింది అల్లుడా. అది గుండ్లకమ్మలో ఊరికే పడుండాది."

గుండ్లకమ్మ ఇసుకను తెచ్చి గుడిసె పక్కన కొట్టంలో జానెడు మందాన పరిచాడు. ఏటి నుంచి గట్టు మీదికి ఆ ఇసుకంతా తన నెత్తిన మోశాడు. గుర్రం ఉన్నవాడు నెత్తిన మోయడం ఏందని దారిలో జనం నవ్వారు. దాని కాళ్ళకు మెత్తగా ఉండాలని దానితోనే మోయిస్తే ఇంక మెత్తదనం ఎక్కడుందని ఆయన వాళ్ళనే అడిగాడు.

మార్కాపురంలో ఊరికే దొరికేవి రెండు, పలక ముక్కలు, ఎండ. ఆ రెండింటినీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన అంతకు ముందు ఎవరికీ రాలేదు. నేను బొద్దుగా పలికాయని పారేసిన వాటిలోంచి వేలెడు మందం ముక్కలు నాలుగు ఏరుకునిపోయాడు. పొద్దున పనికి పోతూ వాటిని గుడిసె ముందరి మట్టిగోడ మీద ఎండకు పరిచేవాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అవి చేయి పెట్టలేనంత కాగి ఉండేవి. పాత గోతాం ముక్కల్లో చుట్టి, చీరపేలికలతో గుర్రం నాలుగు కాళ్ళకూ కీళ్ళ దగ్గర కట్టేవాడు. కట్టు లోపలికి తన మణికట్టు దూర్చి చూసుకునేవాడు. తనకు చురుక్కుమంటే ఇంకో మడత వేసేవాడు. అమ్మి కళ్ళు మూసుకుని కింది పెదవి వేలాడేసేది. తద్దినం భోజనం చేసిన శాస్త్రులవారి మొహంలోనే అంతటి ప్రశాంతత నేను చూశాను, మళ్ళీ ఎక్కడా చూడలేదు.

కాపడం అయ్యాక ఆముదం. వావిలాకు వేసి కాచిన ఆముదాన్ని అరచేతిలో పోసుకుని రుద్దేవాడు. రుద్దుతుంటే ఆయన మోకాళ్ళే కిర్రుమనేవి. ఒకరోజు ఉండబట్టలేక, నాలుగు చుక్కలు నువ్వూ రుద్దుకోరాదా మామా అన్నాను. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు.

"మోకాళ్ళు ఆరు అల్లుడా. నూనె నాలుగింటికే."

పొద్దున బరువు వేయడానికి ముందు దాన్ని ఉత్తినే కాసేపు గట్టు మీద తిప్పేవాడు. కీళ్ళు చద్దన్నం లాంటివట, పొద్దున గడ్డకట్టి ఉంటాయట, కలిపితే గాని విడవవట. ఇక గట్టు దిగడం ఒక పెద్ద కార్యం. దిగేటప్పుడు బరువంతా ముంగాళ్ళ మీద పడుతుందని, అంచు దగ్గర ఆగి, రెండు గోతాల్లోంచీ సగం సగం తీసి తన నెత్తికి ఎత్తుకునేవాడు. అప్పుడు ఇద్దరూ కలిసి అడ్డంగా ఇరవై అడుగులు, మలుపు, మళ్ళీ అడ్డంగా ఇరవై అడుగులు. మలుపు దగ్గర ఆగి, అమ్మి ఊపిరి తీసుకునేదాకా నిలబడేవాడు. కిందికి చేరేసరికి ఎడ్లబండివాళ్ళు రెండు తడవలు తిరిగేవారు. షెడ్డు మేస్త్రీ ఆయన వంతు బండికి ఇచ్చేస్తానని రోజూ బెదిరించేవాడు.

"మీ ఇద్దరిలో గుర్రం ఎవరు మామా?" అని అడిగాను ఒకసారి.

"ఎక్కేటప్పుడు అది, దిగేటప్పుడు నేను" అన్నాడు, నెత్తి మీద మూట దించకుండానే.

కుంటి గుర్రాలను సరిచేసే ఉపాయం ఒకటి మా వైపు అందరికీ తెలుసు. అమ్మకానికి తెచ్చేవాళ్ళు, పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పేవాళ్ళు బెల్లంలో నల్లమందు పెట్టి తినిపిస్తారు. గుర్రం నొప్పి మరిచి నడుస్తుంది. సర్కారు లైసెన్సు ఉన్న దుకాణంలో నల్లమందు బహిరంగంగానే దొరికేది. సీసా మందు కంటే చవక. అందరూ చెప్పారు, నేనూ చెప్పాను. ఆయన నా మీద ఎప్పుడూ కోపం చూపించలేదు, ఆ ఒక్కసారి తప్ప.

"అమ్మికి నోరు లేదు. ఆ నొప్పే దాని మాట. దాన్నీ మూసేస్తే ఎంత బరువు ఎయ్యాల్నో, ఎప్పుడు ఆపాల్నో నాకెట్ల తెలుస్తాది?"

ఇంతవరకూ కథ బాగానే ఉంది. ఇక్కడ నా పెళ్ళి కుదిరింది.

పిల్లది తర్లుపాడు. ముహూర్తం వైశాఖంలో. పెళ్ళికొడుకును విడిది నుంచి ఆడపెళ్ళివారింటికి గుర్రం మీద మేళతాళాలతో తీసుకుపోవాలి. ఆ నెలలో పొదిలి నుంచి గిద్దలూరు దాకా గుర్రాలన్నీ ఏదో ఒక పెళ్ళికి కుదిరిపోయాయి. గుర్రం మామ గుర్రం ఉందిగా అన్నాను. అందరూ వేళాకోళం అనుకున్నారు. సగం వేళాకోళమే. మిగతా సగం, ఆ బాడుగేదో ఆయనకు ముడుతుందని, మూడు నాలుగు రోజులు అమ్మికి మోత తప్పుతుందని. ఆయనకు చెప్పేశాను కూడా. మర్నాటికల్లా ఎక్కడ సంపాదించాడో గుర్రం మెడకు మువ్వల పట్టెడ కుట్టేశాడు.

తర్లుపాడు నుంచి కబురు వచ్చింది. పెళ్ళికూతురి అవ్వ పంపింది. గుర్రం కుంటిదని విన్నామనీ, పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం కుంటితే కాపురం కుంటుతుందనీ, కుంటకుండా వస్తే రావచ్చనీ, లేకపోతే పిల్లవాణ్ణి నడిపించుకుని రావచ్చనీ. నేను కుంటితే పరవాలేదేమో కనుక్కోమన్నాను. మా నాయన నవ్వలేదు. ఆ గుర్రం వద్దని చెప్పి రమ్మన్నాడు.

చెప్పడానికే గట్టెక్కాను. మామ అమ్మిని కడుగుతున్నాడు. జూలు దువ్వి జడలాగా అల్లాడు. ఆ పట్టెడ మువ్వలను చింతపండుతో తోమి గోడ మీద, పలకల పక్కన ఎండబెట్టాడు. నేను వచ్చిన పని మరిచిపోయినట్టు కాసేపు కూర్చుని, గట్టు దిగి, తిన్నగా నల్లమందు దుకాణానికి పోయాను. గుర్రానికి ఎంత పెడతారో నాకు తెలియదు. అడిగితే ఎందుకని అడుగుతారు. శనగగింజంత తీసుకున్నాను.

మామ ఒకరోజు ముందే బయల్దేరి, రోడ్డు అంచున మట్టి మీద మెల్లగా నడిపించుకుంటూ అమ్మిని తర్లుపాడు చేర్చాడు. మర్నాడు పొద్దు వాలుతుండగా, విడిది వెనకాల, ఆయన బావికి నీళ్ళకు పోయిన సందులో, పెళ్ళికొడుకు వేషంలో ఉన్నవాణ్ణి బెల్లంగడ్డ పట్టుకుని గుర్రం దగ్గరికి పోయాను. అది వాసన కూడా చూడలేదు. నమ్మకంగా తినేసి, నా అరచేయి అంతా నాకింది. ఆ నాలుక గరుకు చేతికి తెలుస్తూనే ఉంటుంది. గోరింటాకు పెట్టిన అరచేయి కాబట్టి బాగా గుర్తుండిపోయింది, అంతే.

మేళం మొదలైంది. నన్ను ఎక్కించారు. తర్లుపాడు వీధి అంతా ఇసుక. మొదట కొంచెం బిర్రుగా నడిచింది. పది ఇళ్ళు దాటాక నేను డోలు వినడం మానేసి కిందికి చెవి పెట్టాను. ఇసుకలో మెత్తగా వినిపిస్తోంది. తప్, తప్, తప్, తప్.

పగ్గం పట్టుకుని ఎడమ పక్కన నడుస్తున్న మామ ఆగిపోయాడు. వంగి ముంగాలు చూశాడు. రెండడుగులు నడిపించి మళ్ళీ చూశాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. మొహం చిన్నపిల్లవాడి మొహంలా ఉంది.

"వింటివా అల్లుడా? నాలుగు."

విన్నానన్నాను. జన్మలో ఎవరి ఆనందాన్నైనా మీటి చూడకుండా వదలని నేను, ఆ ఒక్కసారి గోరు లేపలేదు.

ఆడపెళ్ళివారి గుమ్మంలో అవ్వ నా మొహం చూడలేదు. వంగి గుర్రం కాళ్ళు చూసింది. సంబంధం ఖాయమైంది. భోజనాల దగ్గర మామ చుట్టూ జనం. పలక ఎంత మందం ఉండాలి, ఎంతసేపు ఎండబెట్టాలి, ఎన్ని మడతల గోతాం చుట్టాలి, అన్నీ ఓపికగా చెబుతున్నాడు. రెండేళ్ళు పట్టిందనీ, తొందరపడకూడదనీ చెబుతున్నాడు. చివరికి అవ్వ కూడా వచ్చి తన మోకాళ్ళకు పనికొస్తాయా అని అడిగింది. మంచివి నాలుగు ఏరి పంపుతానని మాటిచ్చాడు. విస్తరి ముందు కూర్చుని నేను ఇదంతా విన్నాను. మూడు బూరెలు తిన్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పెళ్ళి తంతులన్నీ ముగించుకుని ఆరో రోజుకు మార్కాపురం వచ్చాను. షెడ్లో కూర్చుని పలక చెవి దగ్గర పెట్టుకున్నాను. గట్టు మీంచి ఏ చప్పుడూ లేదు. ఒకే పలకను పదిసార్లు మీటానట, పక్కనున్న చట్రాల వడ్రంగి చెప్పాడు. తర్వాత మిగిలింది కూడా అతనే చెప్పాడు.

తర్లుపాడు నుంచి వచ్చిన మర్నాడే మామ పనిలోకి దిగాడు. రెండు గోతాలూ నిండా వేశాడు. అంచు దగ్గర ఆగలేదు, సగం తీయలేదు. అడ్డంగా తిరగలేదు. తిన్నగా దిగాడు. పగ్గం వదులుగా పట్టుకుని, ఏళ్ళ తర్వాత మొదటిసారి నెత్తిన ఏమీ లేకుండా, చేతులు ఊపుకుంటూ ముందు నడిచాడు. అచ్చం పెళ్ళికొడుకులా ఉన్నాడన్నాడు వడ్రంగి. సగం దూరంలో అమ్మి ముంగాళ్ళు ముడుచుకుపోయాయి. గోతాలు తెగి పలకరాయి గట్టంతా జారుతూ మోగిందట. గని కూలిందనుకుని షెడ్లో వాళ్ళందరూ బయటికి పరుగెత్తారు.

లేవలేదు. మూడు రోజులు బతికింది. పడినచోటే తాటాకుల నీడ వేసి, మూడు రోజులూ పలకలు కాగబెట్టి కట్టాడు. నేను గట్టెక్కేసరికి అంతా అయిపోయింది. రాతిలో గొయ్యి తవ్వడం కుదరక, పలకరాయి పొట్టు తెచ్చి కప్పేశారు. ఆ కుప్ప ఎండకు మెరుస్తోంది. మామ నన్ను చూసి, భోంచేసినావా అని అడిగాడు.

ఆ తర్వాత రాయిని నెత్తి మీద మోయడం మొదలుపెట్టాడు. ఒక్కడే, ఆ వంకర దారినే, మలుపు మలుపుకూ ఆగుతూ. తనకూ మోకాళ్ళ నొప్పులు కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ చదును రోడ్డు మీద కూడా ఆయన ఎడమ అంచునే నడిచేవాడు, కుడి పక్కన ఒక గుర్రం పట్టేంత చోటు వదిలి. ఎవరైనా ఆ చోటులోకి వచ్చి మాట్లాడబోతే ఇంకా అంచుకు జరిగేవాడు. ఒకసారి అట్లా జరిగి జరిగి కాలవలో పడ్డాడు. నవ్వుదామనుకున్నాను, కుదరలేదు.

పలకలు మాత్రం ఆపలేదు. రోజూ పొద్దున నాలుగు పలకలూ గోడ మీద పరిచేవాడు. మధ్యాహ్నం వచ్చి తిరగేసేవాడు. సాయంత్రం తీసి లోపల పెట్టేవాడు. ఎవరి కాళ్ళకూ కట్టేవాడు కాదు. నూనె సీసాలో ఇప్పుడు రెండు మోకాళ్ళకు సరిపడా ఉంది, కానీ ముట్టుకునేవాడు కాదు. మతి చలించిందని జనం అన్నారు. అలవాటని నేనన్నాను.

మధ్యాహ్నాలు షెడ్లో నాకు చప్పుడు వినిపించేది. టక్, టక్, టక్, సర్ర్. బయటికి పోయి చూస్తే గట్టు ఖాళీ. ఇట్లాంటివి నమ్మితే నేను మీటే పనికి పనికిరాను కాబట్టి వెతికాను. షెడ్డు కప్పు మీద ఒక రేకు ఊడి, గాలికి కొట్టుకుంటోంది. రెండు మేకులు కొట్టాను. మర్నాడూ వినిపించింది. ఆ వారమంతా వినిపించింది. మూడో మేకు కొట్టాక ఆగింది.

చెప్పేద్దామని నాలుగుసార్లు గట్టెక్కాను. నాలుగుసార్లూ ఏదో ఒక ఎగతాళి మాట చెప్పి, ఆయన్ను నవ్వించి దిగాను. రెండేళ్ళు ఇట్లా గడిచాయి. కిందటి ఉగాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆయనే మాట ఎత్తాడు. పలకలు తిరగేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నీ పెండ్లిలో ఆ ఒక్క పొద్దు నాలుగు కాళ్ళ మీద నడిచింది. మళ్ళీ రెండు రోజులకే ఎట్లైపోయెనో. నొప్పి అని అది చెప్పే ఉంటాది అల్లుడా. నేనే ఇనలేదు. బాగైపోయిందని సంబరంలో ఉండి ఇనలేదు."

తప్పు తన మీద వేసుకుంటున్నాడు. వినలేకపోయాను. తప్పు ఎవరిదో వాళ్ళకు చేర్చడం న్యాయమనుకున్నాను. బెల్లంలో నల్లమందు పెట్టానని చెప్పాను.

పలక చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అది కాలుతూ ఉండి ఉంటుంది.

"ఎంత?"

"శనగగింజంత."

"బెల్లమంటే పానం దానికి" అన్నాడు. తిడతాడని ఎదురుచూశాను, తిట్టాలని కోరుకున్నాను. ఆయన గోడ మీది పలకల వైపు చూశాడు.

"అయితే పలకలు కాదన్నమాట."

నాలుగు పలకలనూ ఒక్కొక్కటే తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గోడ మొదట్లో పెట్టాడు. ఎండ మండుతోంది తల మీద గుడ్డ వేసుకుని పో అన్నాడు. మర్నాడు గోడ ఖాళీగా ఉంది. ఎన్నాళ్ళుగానో పలకలు పరిచినచోట నాలుగు చదరాలు మిగతా గోడ కంటే తెల్లగా ఉండిపోయాయి. తర్వాత నేను పోయిన ప్రతిసారీ మా కళ్ళు వాటి దగ్గర కలుసుకుని పక్కకు తప్పుకునేవి. ఆయన మాట్లాడేవాడు, నవ్వేవాడు కూడా. కానీ పలకల ఊసెత్తలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను, గుండె తేలికైందని కూడా చెప్పాను. బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నీ గోతాం దించుకోని ఆయన నెత్తిన పెట్టి వచ్చినావు" అంది.

వానలు పడ్డాక ఆయన మంచం పట్టాడు. చలి మొదలయ్యాక పోయాడు. పాడె సంగతి ముందే చెప్పాను.

కిందటి వారం రైల్వే స్టేషన్‌లో పశువుల డాక్టరు కనిపించాడు. ఆ కుర్ర డాక్టరే, ఇప్పుడు బొజ్జ పెరిగింది. గిద్దలూరు బండి కోసం కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. బండి ఆలస్యం. ఎవరిదో గుర్రం సంగతి అన్నట్టు అంతా చెప్పి, అది ఆ సాయంత్రం అట్లా ఎందుకు నడిచిందని అడిగాను. ఆయన పెద్దగా ఆలోచించలేదు. రెండేళ్ళు విడవకుండా కాపడం పెట్టారు కదా, అన్నాడు. ఆ నాలుగు రోజులూ బరువు లేదు, వైశాఖం ఎండ, ఇసుక నేల, కుంటకుండా నడవడంలో ఆశ్చర్యం ఏముందన్నాడు. ఆ గుణం నిలబడాలంటే బరువు మెల్లమెల్లగా పెంచి ఉండాల్సిందట, ఒక్కసారిగా వేయకూడదట.

మరి నల్లమందో, అన్నాను.

ఎంత పెట్టారని అడిగాడు. చెప్పాను. ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. గుర్రానికి నల్లమందు పట్టాలంటే తక్కువలో తక్కువ కుంకుడుకాయంత పడాలట. శనగగింజంత మేకకు కూడా చాలదట.